ఊపిరికి టైంటేబుల్

మా అమ్మ బస్సు డ్రైవరు. గొంతు కూడా బస్సుదే. వంటింట్లోంచి "ఏమేవ్" అని పిలిచిందంటే పక్కింటివాళ్ళు కూడా ఓసారి "ఆఁ" అంటారు. డిపో పాటల బృందంలో ఆడవాళ్ళ వైపు అందరికన్నా కింది స్వరం ఆవిడదే. పాటకి నేల పరిచేది ఆ స్వరం. మిగతావాళ్ళు దాని మీద నిలబడి పైకి ఎగురుతూ ఉంటారు. అలాంటి మనిషికి చలికాలంలో న్యుమోనియా పట్టుకుంది. అది ముదిరింది. చివరికి డాక్టర్లు కుడి ఊపిరితిత్తిలో కింది ముక్క తీసేశారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. అందులో మూడు గొట్టాలు, గొట్టానికో రంగు బంతి. పక్కన ఉన్న పైపు నోట్లో పెట్టుకుంటే బంతులు లేవాలి. అమ్మ బుగ్గలు పొంగించి ఊదింది. ఒక్క బంతీ కదల్లేదు.

"ఇది పాడైపోయింది. వెళ్ళి మార్చుకురా" అంది.

"ఊదడం కాదమ్మా, పీల్చాలి."

"చూస్తే ఊదేదానిలా ఉంది కదే?"

"ఊదాలంటే ముందు లోపల సరుకుండాలి కదా. పీల్చు."

పీల్చింది. మొదటి బంతి లేచి నిలబడింది. రెండోది వణికింది. మూడోది మా ఆఫీసు మేనేజరులాగా, కింద ఏం జరుగుతున్నా తనకేమీ పట్టనట్టు కూర్చుంది.

"అదెప్పుడు లేస్తుందో అప్పుడే నేను పాటకి వెళ్తా" అంది అమ్మ. రెండో బంతి ఇంకా సరిగ్గా నిలబడకముందే వెళ్ళిపోయింది. మా అమ్మ మాట మీద నిలబడే మనిషే, కాకపోతే మాట ఏదన్నది తర్వాత నిర్ణయించుకుంటుంది.

ఆ తొందర ఎందుకో నాకు తెలుసు. బస్సు నడపడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. డిపోవాళ్ళు ఆవిణ్ణి, ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. "పొద్దస్తమానం గొడుగుల మధ్యన ఇంకో గొడుగులాగా కూర్చుంటున్నా. నన్నెవరో మర్చిపోయి దిగిపోయినట్టుంది" అంది ఒకరోజు, నవ్వుతూనే. ఇక ఆవిడ ఆవిడగా మిగిలింది ఆ పాటలోనే. అదీ పోతే ఏమవుతుందో ఆలోచించడం నాకిష్టం లేదు. అందుకే సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా డిపోకి వెళ్ళి, రిహార్సల్ అయ్యాక ఆవిణ్ణి ఇంటికి తీసుకురావడం పెట్టుకున్నాను.

బృందం గురించి చెప్పాలి. దాన్ని నడిపించేది డిపో టైంకీపర్ గారు. చేయి ఊపి పాట నడిపేవాణ్ణి కండక్టర్ అంటారు కదా, మా డిపోలో మాత్రం కండక్టర్లందరూ వెనక వరసలో నిలబడి పాడతారు, టైంకీపర్ చేయి ఊపుతాడు. పాటలు కట్టేది కూడా ఆయనే. ఏ బండి ఎప్పుడు గేటు దాటాలో చూసుకుంటూ, రెండు బళ్ళ మధ్య దొరికిన ఖాళీలో రాగం కడతాడు. ఊళ్ళో పనిచేసే చోట్లన్నిటికీ కలిపి ఏటా పాటల పోటీ జరుగుతుంది: నీళ్ళ సరఫరావాళ్ళు, పోస్టాఫీసు, ఆసుపత్రి నర్సులు, ఫైరింజను వాళ్ళు. గెలిచేది ఎప్పుడూ ఫైరింజను వాళ్ళే. "వాళ్ళకి ఆఫీసు ఖర్చుతో ఊపిరితిత్తులు పెంచుతారమ్మా, మనకి పొగ ఫ్రీ" అని హారన్ పిన్ని ఏడుపు. హారన్ పిన్ని అమ్మ బస్సులో కండక్టరు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు.

ఈ ఏడు టైంకీపర్ గారు కట్టిన పాట బాగుంది. తెల్లవారకముందు షెడ్డులో బళ్ళన్నీ స్టార్టు చేసి వదిలేసినప్పుడు ఒక హోరు పుడుతుంది. ఎవరిదీ కాని, అందరిదీ అయిన ఒకే హోరు. పాట చివర్లో అందరూ కలిసి ఒక్క స్వరం పట్టుకుని ఆ హోరులా నిలబడాలి. నిలబడ్డాక ఏం చెయ్యాలన్నదే ఆయనకి తట్టడం లేదు.

"ముగింపు రావట్లేదమ్మా" అని గేటు వైపు చూసేవాడు, లేటైన బండి కోసం చూసినట్టు. "స్ఫూర్తి అంటారే, అది కలగాలి."

"ఎక్కడో పంచరై ఉంటుంది సార్" అనేవాడు టైర్ల సెక్షన్లో పనిచేసే బాబాయి. "ఏ స్టాపులో ఆగిందో చెప్పండి, స్టెప్నీ పట్టుకెళ్తా."

ముగింపు సంగతి తర్వాత, ముందు ఆ స్వరమే నిలబడటం లేదు. అంతసేపు ఒక్క ఊపిరిలో ఏ మనిషీ పాడలేడు. కిటుకేమిటంటే ఒక్కొక్కరూ ఒక్కో చోట దొంగతనంగా ఊపిరి పీల్చుకోవాలి. ఒకరు పీల్చేటప్పుడు పక్కవాళ్ళు పాడుతూ ఉండాలి. వినేవాళ్ళకి మాత్రం ఎక్కడా అతుకు కనపడకూడదు. ఇదివరకు అమ్మ దంచి పాడుతుంటే ఆ గొంతు కింద అందరి దొంగతనాలూ దాక్కునేవి. ఇప్పుడు ఆవిడకే మాటిమాటికీ ఊపిరి కావాలి. పైగా పీల్చిన ప్రతిసారీ ఛాతీలోంచి సన్నటి ఈల. ఆవిడ గొంతు ఆగిన చోటల్లా పాటకి చిల్లు పడేది.

టైంకీపర్ గారు మంచివాడు. అమ్మని వెనక వరసలో ఆ చివర నిలబెట్టి, పక్కన ఒక కుర్చీ వేయించాడు. "అలసటొస్తే కూర్చో డ్రైవరమ్మా" అన్నాడు. అమ్మ ఆ కుర్చీ వైపు, తన బస్సుకి అడ్డంగా పార్కు చేసిన కారుని చూసినట్టు చూసింది. తన చేతిసంచీ దాని మీద పెట్టింది తప్ప తను కూర్చోలేదు.

చిల్లులు ఎలా పూడ్చాలా అని ఆయన బుర్ర గోక్కుంటుంటే, చదువుకున్నది కంప్యూటర్లే కాబట్టి నా నోరూరుకోలేదు.

"సార్, మీరు బళ్ళకి టైం వేస్తారు కదా. అలాగే ఊపిరికి టైం వేస్తే?"

ఆయన మొహం వెలిగింది. ఇంకే ఊళ్ళో, ఇంకే బృందానికి ఈ మాట చెప్పినా నవ్వి పంపేసేవాళ్ళు. మాది బస్సు డిపో. అందరికీ ఇది చాలా సబబుగా తోచింది. "మరే, ఒకేసారి రెండు బళ్ళు వదిలితే స్టాపులో జనం తిట్టరూ" అన్నాడు టైర్ల బాబాయి. నేను అందరి ఊపిరీ కొలిచి ప్రోగ్రాం రాశాను. ఒక ట్యాబ్లెట్ స్టాండు మీద పెట్టాం. ఎవరి వంతు వస్తే వాళ్ళ గడి వెలుగుతుంది, వాళ్ళు పీల్చుకోవాలి. పీల్చే వంతుల్ని డిపార్చర్లు అన్నాడు టైంకీపర్ గారు. ఉత్సాహం వచ్చి ఈల కూడా మెడలో వేసుకున్నాడు.

మొదట్లో దివ్యంగా నడిచింది. ఇంతలో హారన్ పిన్నికి దగ్గొచ్చి ఆవిడ డిపార్చర్ తప్పింది. తర్వాతి గడిలో, అమ్మ వంతులో, ఆవిడా పీల్చింది. ఇద్దరూ ఒకేసారి ఆగారేమిటని పక్కవాడు కంగారుపడి తన ఊపిరి వాయిదా వేసుకున్నాడు. వాయిదా వేసుకున్నవాడు ఆ తర్వాతివాడితో కలిశాడు. అందరి కళ్ళూ తెరకి అతుక్కుపోయాయి, ఒక్క చెవీ పాట మీద లేదు. కాసేపటికి వరసలు వరసలుగా బృందమంతా నోళ్ళు తెరిచి ఒక్కసారి "హుఁ" అని పీల్చింది. షెడ్డులో నిశ్శబ్దం. ఎక్కడో గొట్టంలోంచి నీళ్ళ చుక్క పడ్డ చప్పుడు వినిపించింది.

"గుంపు పడ్డాయి" అన్నాడు టైంకీపర్ గారు నీరసంగా. ఒక బండి లేటైతే వెనకవన్నీ వచ్చి దాని తోకకి తగులుకుంటాయి కదా, అదే.

"ఎక్కడ మొదలైందో చూడమ్మా" అన్నాడు నాతో. చూశాను. అమ్మకి తరచుగా ఊపిరి కావాలి కాబట్టి పట్టికలో అన్ని చోట్లా ఆవిడ గడులే. ఇంకెవరైనా రవ్వంత తడబడితే వచ్చి ఆవిడకే తగులుతున్నారు.

"డ్రైవరమ్మ లేకుండా ఓసారి వేసి చూడు" అన్నాడు మెల్లగా.

వేశాను. వంతులు తగులుకునే చోట ఉన్న ఎర్ర గడులన్నీ పోయి తెరంతా పచ్చగా అయింది. తల ఎత్తేసరికి అమ్మ నా భుజం వెనక నిలబడి ఉంది.

"నేను లేకపోతే పచ్చగా ఉంది కదే" అంది.

నేను గబుక్కున తెర ఆర్పేశాను.

టైంకీపర్ గారు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఒక్క పోటీకీ ముందు వరసలో కూర్చుని విను డ్రైవరమ్మా. వచ్చే ఏడాది కల్లా..."

"సార్" అంది అమ్మ. "రేపు ఒక్కసారి నాతో కలిపి పాడించండి. చిల్లు పడితే నేనే వెళ్ళి కూర్చుంటా. మీరు చెప్పక్కర్లేదు. ఆ కుర్చీ కూడా నేనే మోసుకుపోతా."

ఇంటికెళ్ళాక మూడు బంతుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. నేను అన్నం తిందాం రమ్మన్నా రాలేదు. నేను మాట్లాడబోతే పైపు నోట్లో పెట్టుకుంది. మాట్లాడకుండా ఉండటానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు రిహార్సల్. అందరికీ విషయం తెలుసు, ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నేను ట్యాబ్లెట్ పెట్టి చార్జరు తగిలించి, ఫోన్లో రికార్డింగు ఆన్ చేశాను. పాట మొదలైంది. చివరి స్వరం దగ్గరికి వచ్చేసరికి టైంకీపర్ గారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. సరిగ్గా అప్పుడు ట్యాబ్లెట్ ఆరిపోయింది. చూస్తే టైర్ల బాబాయి పాటకి ముందు తన గాలి కంప్రెసర్ పెట్టుకోవడానికి నా చార్జరు పీకేశాడు. చచ్చాంరా అనుకున్నాను.

కానీ టైంకీపర్ గారు కళ్ళు తెరవలేదు, చేతులు దించలేదు. చేతులు దించనంతవరకూ పాడాలి, అది బృందం రూలు. చూడటానికి తెర లేదు. ఇక మిగిలింది చెవులే.

అమ్మ ఛాతీలో ఈల వినిపించింది. ఆ ఈల వినగానే పక్కనున్న హారన్ పిన్ని గొంతు ఒక్క పిసరు పెంచింది. అమ్మ తిరిగి స్వరంలోకి వచ్చింది, అప్పుడు పిన్ని పీల్చుకుంది. పిన్ని ఆగిన సంగతి పట్టుకుని ఆవిడ పక్కనున్నావిడ కాస్త పెంచింది. మళ్ళీ ఈల. మళ్ళీ పిన్ని. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. స్వరం సాగుతూనే ఉంది. ఇంతలో అవతలి చివర మగవాళ్ళ వైపు ఇద్దరు ముగ్గురు ఒకేసారి పీల్చారు. చిల్లు పడింది.

టైంకీపర్ గారు కళ్ళు తెరిచాడు. అమ్మ కుర్చీ మీది సంచీ తీసి భుజానికి తగిలించుకుంది. వంగి కుర్చీ కూడా ఎత్తింది.

"అమ్మా, ఆగు! సార్, ఆగమనండి!" అని అరిచాను. మా అమ్మ కూతుర్ని కదా, షెడ్డంతా తిరిగి చూసింది.

ఫోన్లో రికార్డింగు తీసి ఆయనకి వినిపించాను. చెవులకి నమ్మకం లేకపోతే కళ్ళకైనా ఉంటుందని శబ్దం గీత కూడా చూపించాను. "ఇదిగోండి, తెర ఆరిపోయింది ఇక్కడ. దీని తర్వాత అమ్మ ఈల వినపడ్డ చోట ఎక్కడైనా పల్లం ఉందా? చిల్లు పడింది అక్కడ, ఆ చివర. ఎందుకంటే వాళ్ళకి అమ్మ ఈల వినపడదు. ఈ వైపు వాళ్ళందరూ ఈల విని సర్దుకుంటున్నారు."

"నిజమే సార్" అంది హారన్ పిన్ని. "అక్క కుయ్ మనగానే నాకు తెలిసిపోతోంది. నేను ఇదివరకు గాల్లో దీపం పెట్టినట్టు పాడేదాన్ని, ఎవరు ఎప్పుడు ఆగుతారో తెలిసి చచ్చేది కాదు."

టైంకీపర్ గారు రికార్డింగు మళ్ళీ పెట్టమన్నాడు. విన్నాడు. మెడలో ఉన్న ఈల తీసి జేబులో వేసుకున్నాడు. "గుంపు పడినప్పుడు చార్టు పక్కన పడేసి, ముందు బండిని చూసి దూరం ఉంచుకోండిరా అని రోజూ రోడ్డు మీదికి ఫోను చేసి చెప్పేది నేనే" అన్నాడు. "డ్రైవరమ్మా, ఆ కుర్చీ దించు. వచ్చి నడి మధ్యలో నిలబడు."

"మధ్యలోనా?" అంది అమ్మ. "ఈల వేసుకుంటూనా?"

"వేసుకుంటూనే."

"జాలి పడుతున్నారా సార్?"

"జాలి పడే టైం లేదు. ఎల్లుండి పోటీ."

అమ్మ మధ్యలో నిలబడింది. ఆ సాయంత్రం స్వరం ఎంతసేపు నిలిచిందంటే, గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో బండి ఇంజను ఆపడం మర్చిపోయారని చూడటానికొచ్చాడు. టైంకీపర్ గారు చేతులు దించి, నుదురు తుడుచుకుని, అందరి ముందూ అన్నాడు: "నాకు ముగింపు రాలేదు, ఇక రాదు. పోటీలో నేను చేతులు దించను. డ్రైవరమ్మ ఎక్కడ ఆపితే అక్కడ ఆపుదాం."

"నా ఊపిరి ఎక్కడైపోతే అక్కడ పాట అయిపోతుందన్నమాట" అంది అమ్మ.

"అంతేనమ్మా."

"సరే" అంది. ఆ 'సరే' నాకు బాగా తెలుసు. సందులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఆవిడ అనే 'సరే' అది.

పోటీ హాలు వెనక గదిలో జట్లన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఫైరింజను వాళ్ళు మెరిసే బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చున్నారు. అమ్మ ఒక మూల నిలబడి సంచీలోంచి డబ్బా తీసింది. వాళ్ళలో ఒక పొడుగాటి కుర్రాడు వచ్చి ఇదేమిటని అడిగి, నన్నూ ఓసారి చూడనివ్వండి అని, పైపు తుడుచుకుని గట్టిగా ఊదాడు. బంతులు కదల్లేదు.

"ఊదకు నాయనా, పీల్చాలి" అంది అమ్మ జాలిగా. "అందరూ అక్కడే పొరపాటు పడతారు."

మా వంతు వచ్చింది. నేను ముందు వరసలో, అమ్మని కూర్చోమన్న వరసలోనే కూర్చున్నాను. పాట ఎలా మొదలైందో, మధ్యలో ఎలా పోయిందో నాకు గుర్తులేదు. నేను ఆ చివరి స్వరం కోసమే కూర్చున్నాను. టైంకీపర్ గారు చేతులెత్తాడు. స్వరం లేచింది. షెడ్డులో విన్నదానికి దీనికీ పోలికే లేదు, హాల్లో చెక్క గోడలు కూడా పాడుతున్నాయి.

ఈల వినిపించింది. నాకే కాదు, ముందు వరసల్లో అందరికీ వినిపించింది. ఒకావిడ తల తిప్పి ఎవరిదా అని చూసింది. స్వరం మాత్రం చెక్కుచెదరలేదు. మళ్ళీ ఈల. ఈసారి ఆ ఈలకి కుడివైపు పిన్ని, ఎడమవైపు టైర్ల బాబాయి భుజాలు కాస్త ముందుకొచ్చాయి. అమ్మ ఆగింది, పీల్చింది, తిరిగి వచ్చింది. సముద్రంలో అల వెనక్కి వెళ్తుందని ఎవరైనా సముద్రం తక్కువైందంటారా? ఇలాంటి మాటలు నేను మామూలుగా అనను, ఆ రోజు అనిపించింది.

టైం అయిపోయిందని వేదిక అంచున ఎర్రలైటు వెలిగింది. జడ్జీల బల్ల మీద గంట ఉంది. పెద్ద జడ్జీ చేయి గంట మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. అమ్మ ఆపలేదు. టైంకీపర్ గారు ఆవిణ్ణి చూశాడు, లైటు చూశాడు, రెండు చేతులూ మెల్లగా కిందికి వదిలేశాడు. ఎవరూ ఆగలేదు. అప్పుడు ఆయన కూడా నోరు తెరిచాడు. పాతికేళ్ళుగా చేతులు ఊపడమే తప్ప ఎన్నడూ పాడని మనిషి, వీపు ప్రేక్షకులకి పెట్టి, తన బృందంలో కలిసిపోయాడు. కాస్త అపస్వరమే. ఎవరిక్కావాలి.

నేను గమనించలేదు గానీ అమ్మ పీల్చినప్పుడల్లా నేనూ పీలుస్తున్నాను. పక్కన చూశాను. పక్కావిడా అంతే. ఆవిడ వెనకాయనా అంతే. హాలు మొత్తం మా అమ్మ ముప్పాతిక ఊపిరితో ఊపిరి తీసుకుంటోంది.

ఇక అప్పుడు అమ్మ మళ్ళీ పీల్చింది. ఈసారి పెద్దగా, భుజాలు లేచేలా, కళ్ళు పెద్దవి చేసుకుని. ఇంకొక విడత పాడబోతోందని అందరూ సిద్ధపడ్డారు. ఆవిడ పాడలేదు. ఆ నిండు ఊపిరిని లోపలే పెట్టుకుని నోరు మూసి నవ్వింది.

బృందమంతా ఒక్క గొంతులా ఆగింది.

తర్వాత హాలు లేచి నిలబడింది. ఆ గోలలో మొదట ఈల వేసింది ఆ పొడుగాటి ఫైరింజను కుర్రాడు, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని.

"ఏం వదినా, ఊపిరైపోయిందా?" అని టైర్ల బాబాయి కంగారుగా అడగడం నాకు వినిపించింది.

"అవ్వలేదు" అంది అమ్మ. "పాటే అయిపోయింది."

టైం దాటినందుకు మాకు మార్కులు కోశారు. కోసినా మేమే మొదటొచ్చాం. ఫైరింజను వాళ్ళు పెద్దమనసుతో చప్పట్లు కొట్టారు, మనసులో ఏమున్నా. కప్పు టైంకీపర్ గారి చేతికిస్తే ఆయన దాన్ని వేడి గిన్నెలా పట్టుకుని అమ్మ చేతుల్లో పెట్టేశాడు. నిర్వాహకుడు మైకు తెచ్చి, "అమ్మా, రెండే రెండు ముక్కలు" అన్నాడు.

అమ్మ మైకు అందుకుంది. గొడుగుల గది దగ్గర మొదలుపెట్టింది. రెండు మాటలకోసారి ఆగి పీలుస్తోంది, ఆ ఈల పెద్ద స్పీకర్లలో హాలంతా వినపడుతోంది, ఆవిడకి ఏమాత్రం సిగ్గుగా లేదు. గొడుగుల్లోంచి షెడ్డుకి వచ్చింది, షెడ్డులోంచి టైర్ల బాబాయి కంప్రెసర్‌కి వచ్చింది, కంప్రెసర్ లోంచి కంప్యూటరు చదివిన తన కూతురికి వచ్చింది. జనం నవ్వుతున్నారు. నిర్వాహకుడు గడియారం చూసుకున్నాడు. లైట్లు ఓసారి ఆర్పి వెలిగించారు. అమ్మ "ఆఁ, వస్తున్నా వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా" అంది.

నేను వేదిక పక్కన అమ్మ కోటు పట్టుకుని నిలబడ్డాను. హారన్ పిన్ని వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

"కూర్చోవే" అంది. "ఇప్పట్లో తెమలదు."